బాత్‌రూమ్‌లో పట్టుకునే రాడ్డు: ముందు గోడ, తర్వాత మనిషి, ఆఖరున డ్రిల్లు

ఇంట్లో పెద్దవాళ్లు బాత్‌రూమ్‌లో దేన్ని పట్టుకుని లేస్తున్నారో ఒకసారి అడగండి. "ఆ కొళాయి పట్టుకోని లేస్తా ఉండా నాయనా" అనో, "టవల్ రాడ్డు ఉంది గదా" అనో అంటారు. ఈ రెండూ మనిషి బరువుకు ఆగేవి కావు. కొళాయి వెనక గోడలో ఉన్నది ప్లాస్టిక్ పైపు. టవల్ రాడ్డు వెనక ఉన్నవి అంగుళం స్క్రూలు.

అందుకని పట్టుకునే రాడ్డు, అంటే గ్రాబ్ బార్, కొని బిగించాలనుకోవడం మంచి పనే. అయితే సరిగా బిగించని గ్రాబ్ బార్ కంటే అది లేకపోవడమే మేలు. ఏమీ లేనప్పుడు మనిషి గోడకు చెయ్యి ఆనించి, ఆచితూచి కదులుతాడు. రాడ్డు ఉందంటే నమ్మి బరువంతా దాని మీద వేస్తాడు. అది గోడలోంచి ఊడి చేతిలోకి వస్తే పట్టుకోవడానికి ఇంకేమీ మిగలదు. తుంటి ఎముక విరిగితే 75 ఏళ్ల మనిషి మళ్లీ లేచి తిరగడానికి నెలలు పడుతుంది, కొందరు ఇక లేవనే లేవరు. కాబట్టి షాపుకు పోకముందే గోడ సంగతి తేల్చుకోండి.

గోడ లోపల ఏముంది?

టైల్ పైకి అందరి ఇళ్లలో ఒకేలా కనపడుతుంది. స్క్రూ పట్టుకోవాల్సింది మాత్రం టైల్‌ను కాదు, దాని వెనక ఇటుకను. నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో పదిహేను ఇరవయ్యేళ్ల కిందట కట్టిన ఇళ్లకు బయటి గోడ తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక, లోపలి గోడ నాలుగున్నర అంగుళాలు ఉంటుంది. ఈ మధ్య కట్టిన అపార్ట్‌మెంట్లలో తేలికైన తెల్ల బ్లాకులు వాడుతున్నారు. పల్లెల్లో దొడ్లో విడిగా కట్టుకున్న మరుగుదొడ్లకు ఎక్కువగా నాలుగున్నర అంగుళాల గోడ, లేదంటే సిమెంటు ఇటుకలు. మార్కాపురం, కనిగిరి వైపు పాత ఇళ్లలో రాయీ మట్టీ కలిపి కట్టిన గోడలు ఇంకా ఉన్నాయి. ఒక్కోదానికి బిగించే తీరు వేరు.

తెలుసుకోవడం సులువే. రాడ్డు చివరన ఉండే గుండ్రటి పళ్లెం, అంటే ఫ్లాంజ్, కప్పేసే చోట 6 ఎం.ఎం. బిట్టుతో ఒక చిన్న రంధ్రం చేసి, రాలే పొడిని కాగితం మీద పట్టండి. మొదట టైల్ పొడి, తర్వాత బూడిద రంగు ఇసుకలాంటి సిమెంటు పొడి వస్తాయి. ఆ తర్వాత ఎర్ర పొడి వస్తే ఎర్ర ఇటుక, అన్నిటికంటే నిశ్చింత. బూడిద రంగు పొడే వస్తూ బిట్టు ఒక మోస్తరు కష్టంతో దిగితే సిమెంటు ఇటుక. తెల్లటి మెత్తని పొడి వస్తూ బిట్టు ఏమాత్రం అడ్డు లేకుండా జారిపోతే తేలిక బ్లాకు. కొంచెం దూరం పోయాక ఒక్కసారిగా ఖాళీలో పడినట్టయితే బోలు బ్లాకు. మట్టి రాలితే రాతి గోడ. బిట్టు మొరాయించి, పొడి సన్నగా వస్తూ వేడెక్కితే అక్కడ కాంక్రీటు పిల్లర్ ఉంది.

ఇదే రంధ్రంలో సన్నటి తీగ పెట్టి టైల్ పైనుంచి ఇటుక దాకా ఎంత లోతుందో కొలుచుకోండి. చాలా రాడ్లు ఊడిపోవడానికి కారణం ఈ కొలత తీసుకోకపోవడమే. టైల్ 8 ఎం.ఎం., దాని వెనక సిమెంటు 15 నుంచి 20, ఆ వెనక గోడ పూత 12 నుంచి 15. అన్నీ కలిపితే 40 ఎం.ఎం. దాకా వస్తుంది. రాడ్డుతో పాటు డబ్బాలో వచ్చే స్క్రూ పొడవు చాలావాటిలో 35, 40 ఎం.ఎం. మించదు. అంటే ఆ స్క్రూ ఇటుకను ముట్టనే ముట్టదు, పూతలోనే ఆగిపోతుంది. బిగించిన రోజు గట్టిగానే అనిపిస్తుంది. నాలుగు నెలలు లాగేసరికి పూత పొడి అయి వదులవుతుంది. ఇటుకలోపల కనీసం 50 ఎం.ఎం. దిగాలి కాబట్టి 40కి 50 కలిపి, ఫ్లాంజ్ మందం కూడా చూసుకుని, 100 ఎం.ఎం. పొడవున్న నైలాన్ ప్లగ్గూ (రంధ్రంలో దించి, లోపల స్క్రూ బిగించే తొడుగు) దానికి సరిపోయే స్క్రూ తెచ్చుకోవాలి. డబ్బాలో వచ్చిన స్క్రూలను పక్కన పడేయండి.

ఇంకో పరీక్ష. రాడ్డు వచ్చే టైల్‌ను నాణెంతో అన్ని మూలలా తట్టండి. కొందరు మేస్త్రీలు టైల్ నడుమ సిమెంటు ముద్ద ఒకటి పెట్టి గోడకు నొక్కేస్తారు, మూలలు బోలుగా మిగిలిపోతాయి. అలాంటి మూలలో స్క్రూ బిగిస్తే టైల్ ఫట్టున పగులుతుంది. డొల్ల శబ్దం వస్తే రాడ్డును కొంచెం పక్కకు జరపండి. జరపడం కుదరకపోతే రంధ్రం చేశాక అందులోంచి చిక్కటి సిమెంటు పాలు పోసి, ఖాళీ నిండాక మూడు రోజులు వదిలేసి, అప్పుడు పని మొదలుపెట్టండి.

షాపులో చూడాల్సినవి

శానిటరీ షాపులో గ్రాబ్ బార్ అనో, హ్యాండికాప్ రాడ్డు అనో అడగండి. లావుపాటి టవల్ రాడ్డు చూపించి "ఇదీ అదే సార్" అంటే తీసుకోకండి.

రాడ్డు లావు 32 నుంచి 38 ఎం.ఎం. మధ్య ఉండాలి. మన ఇళ్లలో ఆడవాళ్ల చేతులకు 32 చక్కగా అమరుతుంది. 25 ఎం.ఎం. సన్నది, కీళ్లు వాచిన వేళ్లు దాని చుట్టూ గట్టిగా బిగుసుకోలేవు. గోడకూ రాడ్డుకూ మధ్య సందు 38, 40 ఎం.ఎం. ఉండాలి. తక్కువైతే వేళ్ల కణుపులు గోడకు గీరుకుంటాయి. మరీ ఎక్కువైతే, మనిషి జారినప్పుడు ముంజేయి ఆ సందులో ఇరుక్కుని విరిగే ప్రమాదం ఉంది. ఫ్లాంజ్‌కు కనీసం మూడు రంధ్రాలుండాలి. రెండు రంధ్రాలున్నదాన్ని తీసుకోకండి.

స్టీలు విషయంలో షాపువాళ్లు అయస్కాంతం పెట్టి "చూడండి, అతుక్కోవడం లేదు, ఇది 304" అంటారు. ఆ పరీక్ష సరిపోదు. చవకరకం 202 గ్రేడు కూడా అయస్కాంతానికి అతుక్కోదు. 202లో నికెల్ తక్కువ, బాత్‌రూమ్ చెమ్మకు ఏడాది రెండేళ్లలో గోధుమ రంగు చుక్కలు తేలుతుంది. రాడ్డు మీదో డబ్బా మీదో గ్రేడు రాసి ఉన్నది, బిల్లు మీద గ్రేడు రాసిచ్చే షాపులో కొనండి. కొన్ని చోట్ల చుక్క వేస్తే రంగు మారి గ్రేడు చెప్పే పరీక్ష మందు ఉంటుంది, అడిగి వేయించుకోండి. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి 304 కూడా మచ్చలు తేలుతుంది. అక్కడ 316 గ్రేడు దొరికితే అదే కొనండి, లేదంటే పైన నైలాన్ తొడుగున్న రాడ్డు తీసుకోండి.

మెట్ల రెయిలింగ్ చేసే స్టీలు వెల్డింగ్ షాపులో చేయించుకోవడం కూడా మంచి మార్గమే. కావలసిన కొలతకు దొరుకుతుంది. ఒకటింపావు అంగుళం పైపు, 16 గేజీ, 304 అని చెప్పండి. ఫ్లాంజ్ 5 ఎం.ఎం. ప్లేటుతో, 8 ఎం.ఎం. రంధ్రాలు మూడో నాలుగో పెట్టించండి. వెల్డింగ్ చుట్టూ నల్లగా మిగిలితే అక్కడే ముందు తుప్పు మొదలవుతుంది, పూర్తిగా పాలిష్ చేయించాకే డబ్బులివ్వండి.

నిగనిగలాడే నున్నటి రాడ్డు కంటే చేయి పట్టే చోట గరుకుగా ఉన్నది నయం. తలంటు రోజున ఒంటికీ చేతులకూ నూనె ఉంటుంది, సబ్బు నురగ కలుస్తుంది. ఆ చేతికి నున్నటి స్టీలు నిలవదు.

ఇక రబ్బరు కప్పులతో గోడకు అతుక్కునేవి, మరలు అక్కర్లేదని ఆన్‌లైన్‌లో అమ్మేవి ఉన్నాయి. వాటి మీద మనిషి బరువు వేయకూడదు. టైల్ సందు మీదకు కప్పు అంచు వచ్చినా, కాస్త ఉప్పు పేరుకున్నా గాలి దూరి, చడీచప్పుడు లేకుండా వదులవుతాయి.

ఎక్కడ, ఎంత ఎత్తులో

కొలతల పట్టిక చూసి బిగించేయకండి. ఆ బాత్‌రూమ్ వాడే మనిషిని తీసుకొచ్చి, పొడి నేల మీద, బట్టలతోనే, "అమ్మా, ఒకసారి కూచోని లేయి" అని చేయించి చూడండి. లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. మూడుసార్లు చేయిస్తే గుర్తులన్నీ ఒక జానెడు మేరలో పడతాయి. రాడ్డు రావాల్సింది ఆ మేరలోనే. కింద ఇచ్చే కొలతలు ఆ గుర్తులను సరిచూసుకోవడానికి.

పక్షవాతం వచ్చినవాళ్లకు బాగున్న చేతి వైపే రాడ్డు ఉండాలి. కమోడ్ పక్కన గోడ ఎటుందో అటు పెట్టేసి, ఆ చేయి పట్టులేని చేయి అయితే ఆ ఖర్చంతా వృథా. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు రెండు వైపులా ఉంటే మంచిది.

కమోడ్ పక్కన గోడకు అడ్డంగా ఒక రాడ్డు, దాని ముందు నిలువుగా ఒక రాడ్డు కావాలి, లేదా రెండూ కలిసిన ఎల్ ఆకారం రాడ్డు. అడ్డం రాడ్డు సీటుకు తొమ్మిది పది అంగుళాల పైన, అంటే నేల నుంచి 25, 27 అంగుళాల ఎత్తులో ఉండాలి. దాని మీద అరచేయి మోపి కిందికి నొక్కి లేస్తారు. మరీ ఎత్తులో పెడితే మోచేయి పైకి లేచి బలం చాలదు. పొడవు 24 అంగుళాలకు తగ్గకూడదు, కమోడ్ ముందు అంచును దాటి ఇంకో ఆరు అంగుళాలైనా ముందుకు రావాలి. లేచేటప్పుడు మనిషి ముందుకు వంగుతాడు, చేయీ ముందుకే పోతుంది. వెనకే ఆగిపోయిన రాడ్డు కూర్చోవడానికి తప్ప లేవడానికి పనికిరాదు. నిలువు రాడ్డు వెనక గోడ నుంచి సుమారు 40 అంగుళాల దూరంలో, నేల నుంచి 28 అంగుళాల దగ్గర మొదలై 46, 48 దాకా ఉంటే చాలు.

కమోడ్ నడిమి నుంచి పక్క గోడ 18 అంగుళాల లోపే ఉంటే ఇదంతా కుదురుతుంది. 20 దాటితే చేయి చాపాల్సి వస్తుంది, చాపిన చేతికి బలముండదు. అప్పుడు వెనక గోడకు బిగించి, అవసరం లేనప్పుడు పైకి మడిచిపెట్టే రాడ్డు తీసుకోండి. ఈ మడత రాడ్డు చివర మీద బరువు పడితే గోడ దగ్గర స్క్రూల మీద పెద్ద లాగుడు పడుతుంది. కాబట్టి గట్టి తొమ్మిది అంగుళాల గోడకో కాంక్రీటుకో తప్ప దీన్ని బిగించకండి. గోడ అనుమానమైతే నేలకు కాలు మోపే రకం తీసుకోండి.

నేల మీద కూర్చునే బేసిన్ ఉన్న ఇళ్లు మన జిల్లాల్లో ఇంకా చాలా ఉన్నాయి. అక్కడ రాడ్డు అవసరం కమోడ్ దగ్గరకంటే ఎక్కువ. చాలామంది ఎదురు గోడకు ఒక రాడ్డు బిగించి, దాన్ని లాగి లేస్తారు. పక్క గోడకు ఉన్న రాడ్డు మీద బరువు కిందికి పడుతుంది, స్క్రూ దానికి బాగా ఓర్చుకుంటుంది. ఎదురు గోడ రాడ్డును లాగితే ఆ బలమంతా స్క్రూను బయటికి పీకుతుంది, రోజూ పీకుతూనే ఉంటుంది. వీలున్నంత వరకు పక్క గోడకే నిలువు రాడ్డు పెట్టండి. కాళ్లు పెట్టే మెట్లకు ఎనిమిది పది అంగుళాలు ముందుగా, నేల నుంచి ఒకటిన్నర అడుగుల దగ్గర మొదలై మూడున్నర అడుగుల దాకా ఉండాలి. గొంతుక్కూర్చున్నప్పుడు కింది భాగం అందాలి, నిలబడ్డాక పై భాగం చేతిలోనే ఉండాలి. అప్పుడు చేయి మార్చుకోకుండా, ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు రాడ్డు వెంటే పైకి పోవచ్చు. రెండు అడుగుల రాడ్డు అని ఇందుకే చెబుతున్నాం, ఒక అడుగుది చాలదు.

స్నానం చేసే చోట బకెట్టూ మగ్గూ పెట్టుకుని స్టూలు మీద కూర్చునేవాళ్లే ఎక్కువ. కూర్చుని లేచే స్టూలు పక్క గోడకు నిలువుగా ఒకటి, నడిచి వచ్చే దారి వెంట నడుము ఎత్తున, సుమారు 33 అంగుళాల దగ్గర, అడ్డంగా ఒకటి పెట్టండి. రాడ్డును ఏటవాలుగా బిగించే అలవాటు కొందరు ప్లంబర్లకు ఉంది, చూడ్డానికి బాగుంటుందని. తడి చేయి ఏటవాలు రాడ్డు మీద కిందికి జారుతుంది. అడ్డంగానో నిలువుగానో బిగించమని చెప్పండి.

గడప దగ్గర కూడా ఒకటి కావాలి. బాత్‌రూమ్ నేల రెండు మూడు అంగుళాలు పల్లంగా ఉంటుంది, తడి కాలితో పైకి ఎక్కేటప్పుడు ఒంటి కాలి మీద ఉంటారు. తలుపు గొళ్లెం వైపు గోడకు నిలువుగా 18 అంగుళాల రాడ్డు, దాని నడిమి భాగం మోచేతికి కాస్త పైన ఉండేలా పెట్టండి. మరుగుదొడ్డి దొడ్లో ఉంటే బయటి మెట్టు దగ్గర కూడా. తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడిన మనిషి తలుపుకు అడ్డం పడి ఎవరూ లోపలికి పోలేకపోతారు. వడ్రంగిని పిలిచి బయటికి తెరుచుకునేలా మార్పించండి, లోపలి గడియ బయట నుంచి కూడా తీయగలిగేది వేయించండి.

వైర్లు, పైపులు

గోడలో దాచిన పైపు కొళాయి, గీజర్, షవర్‌ల దగ్గర నుంచి నిలువుగా పోతుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి అడ్డంగా పోతుంది. స్విచ్‌బోర్డు నుంచి వైరు నిలువుగా పైకి పోతుంది. ఈ గీతలకు రెండు వైపులా ఆరేసి అంగుళాల దాకా డ్రిల్లు పెట్టకండి. అవతలి గదిలో ఏముందో కూడా చూడండి, నాలుగున్నర అంగుళాల గోడకు అవతలి వైపు స్విచ్‌బోర్డు ఉండవచ్చు. డ్రిల్లు పెట్టేముందు బాత్‌రూమ్ వైపు కరెంటు మెయిన్‌లో ఆపేసి, డ్రిల్లింగ్ మిషన్‌కు వేరే గదిలోంచి వైరు లాక్కోండి. మొత్తం పని అయ్యాక గీజరూ లైట్లూ వేసి, రాడ్డు మీద టెస్టర్ పెట్టి చూడండి. స్క్రూ ఒక వైరుకు తగిలిందంటే రాడ్డంతా కరెంటే, పట్టుకునేది తడి చేయి.

బిగించడం

కావలసినవి: డ్రిల్లింగ్ మిషన్, టైల్ కోసే బిట్టు, మామూలు గోడ బిట్టు, 100 ఎం.ఎం. నైలాన్ ప్లగ్గులు, వాటికి తగిన స్టెయిన్‌లెస్ స్క్రూలు, రసమట్టం, కాగితం టేపు, న్యూట్రల్ రకం సిలికాన్ ట్యూబు ఒకటి. ఒక రాడ్డుకు ప్లగ్గులు ఆరు పడతాయి, ఎనిమిది తెచ్చుకోండి. షాపుకు పోయేటప్పుడు ఫ్లాంజ్‌ను వెంట తీసుకుపోయి స్క్రూ దాని రంధ్రంలో పడుతుందో లేదో అక్కడే చూసుకోండి.

రాడ్డును గోడకు ఆనించి, రసమట్టం పెట్టి, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు రంధ్రాలు గుర్తు పెట్టండి. టైల్ అంచుకు ఒకటిన్నర అంగుళాల లోపు రంధ్రం రాకూడదు, వస్తే పగులుతుంది. ఫ్లాంజ్‌ను కాస్త తిప్పితే చాలావరకు సరిపోతుంది. గుర్తుల మీద కాగితం టేపు అంటించండి, బిట్టు జారదు.

టైల్‌లోంచి పోయేదాకా మిషన్‌లో హ్యామర్ (గుద్దుతూ తిరిగే పద్ధతి) వాడకూడదు, మిషన్ నెమ్మదిగా తిప్పాలి. మామూలు సెరామిక్ టైల్‌కు ఈటె మొన లాంటి టైల్ బిట్టు సరిపోతుంది. విట్రిఫైడ్ టైలూ, గ్రానైటూ డైమండ్ బిట్టుకే లొంగుతాయి, పక్కనుంచి ఒకరు నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. చీమకుర్తి చుట్టుపక్కల ఇళ్లలో గోడలకు కూడా గ్రానైటు పలకలు వేసుకున్నవాళ్లున్నారు, వాటి మందం 18, 20 ఎం.ఎం. ఉంటుంది. స్క్రూ పొడవు లెక్కలో ఆ తేడా కలుపుకోండి.

టైల్‌లో రంధ్రం ప్లగ్ లావు కంటే రెండు ఎం.ఎం. పెద్దదిగా చేయండి, 10 ఎం.ఎం. ప్లగ్గుకు 12. స్క్రూ తిప్పినప్పుడు ప్లగ్ ఉబ్బుతుంది, టైల్ మందంలోనే ఉబ్బితే టైల్‌ను చీలుస్తుంది. వెనక ఇటుకలో మాత్రం సరిగ్గా 10 ఎం.ఎం. బిట్టే వేయాలి. ఎర్ర ఇటుకకు హ్యామర్ లేకుండానే దిగుతుంది. హ్యామర్ వేస్తే రంధ్రం వెడల్పై ప్లగ్ వదులవుతుంది. కాంక్రీటుకు హ్యామర్ తప్పదు. లోతు ప్లగ్గు పొడవు కంటే ఒక సెంటీమీటరు ఎక్కువ ఉండాలి, బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. బిట్టు ఇటుకలోకి కాక ఇటుకల మధ్య సిమెంటు సందులోకి దిగి, ఇసుక బొలబొలా రాలితే ఆ రంధ్రాన్ని నమ్మకండి. ఫ్లాంజ్ తిప్పి వేరే చోట వేయండి.

తర్వాత రంధ్రంలోని పొడి తీసేయాలి. చాలామంది వదిలేసేది ఇదే. పొడి మిగిలితే ప్లగ్ ఇటుకను కాక పొడిని పట్టుకుంటుంది. సైకిల్ పంపుతో నాలుగైదుసార్లు ఊది, సన్నటి బ్రష్షు పెట్టి తిప్పి, మళ్లీ ఊదండి, కళ్లు కాపాడుకుంటూ. రంధ్రంలోకి కాస్త సిలికాన్ పెట్టి, ప్లగ్గును సుత్తితో నెమ్మదిగా తట్టి టైల్ మట్టం కంటే లోపలికి దించండి. చేత్తో తోస్తే సులువుగా దిగిపోయే ప్లగ్ పనికిరాదు, తట్టితేనే దిగాలి.

ఆరు స్క్రూలూ ముందు సగం దాకా ఎక్కించి, రసమట్టం మళ్లీ చూసి, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఆఖరి చుట్లు చేతి స్క్రూడ్రైవర్‌తోనే. మిషన్‌తో బిగిస్తే టైల్ పగిలేది ఈ ఆఖరి క్షణంలోనే. స్క్రూ తిరుగుతూనే ఉండి బిగుసుకోకపోతే లావు ప్లగ్గుకు మారాలి, లేదా ఆ రంధ్రానికి కెమికల్ యాంకర్ (రంధ్రంలో నింపితే గట్టిపడి పట్టుకునే మందు) వేయాలి. అగ్గిపుల్లలు దూర్చడం, గుడ్డపేలిక కుక్కడం ఇక్కడ చేయకూడదు. చివర్లో ఫ్లాంజ్ చుట్టూ సిలికాన్ గీత వేయండి, కింది వైపు అంగుళం వదిలేయండి. లోపలికి ఏదో దారిన పోయిన నీళ్లు అటు నుంచి బయటికి రావాలి. సిలికాన్ ఆరడానికి ఒక పూర్తి రోజు ఎవరినీ పట్టుకోనివ్వకండి.

ఎర్ర ఇటుక కానప్పుడు

తేలిక బ్లాకు గోడలో మామూలు ప్లగ్గు నిలవదు. దానికోసమే ఉండే వెడల్పు రెక్కల ప్లగ్గు గానీ, కెమికల్ యాంకర్ గానీ వాడాలి. కెమికల్ ట్యూబు మీద ఎంతసేపు ఆరాలో రాసి ఉంటుంది, అంతసేపూ ముట్టుకోకూడదు. బోలు బ్లాకైతే కెమికల్‌తో పాటు జాలీ గొట్టం కూడా వేయాలి, లేకపోతే మందంతా ఖాళీలోకి కారిపోతుంది.

గోడ నాలుగున్నర అంగుళాలదై, మనిషి బరువైనవాళ్లైతే, లేదా తేలిక బ్లాకు గోడ అవతలి వైపు అందుబాటులో ఉంటే, ఆరపార బోల్టు అన్నిటికంటే గట్టిది. గోడకు ఈ పక్క నుంచి ఆ పక్కకు రంధ్రం చేసి, ఫ్లాంజ్ రంధ్రాన్ని బట్టి 6 లేదా 8 ఎం.ఎం. పొడవునా మరలున్న స్టెయిన్‌లెస్ రాడ్డు దూర్చి, అవతల నాలుగంగుళాల చదరం, 5 ఎం.ఎం. మందం ప్లేటు పెట్టి నట్టు బిగించాలి. అవతల పడకగది అయితే ప్లేటు కనపడుతుందని కొందరు ఒప్పుకోరు. ఒక పటం తగిలించినా సరిపోతుంది, దానికోసం గట్టితనం వదులుకోవద్దు.

రాయీ మట్టీ గోడలో ఏ ప్లగ్గూ పట్టదు. ఫ్లాంజ్ వచ్చే చోట ఆరంగుళాల చదరం, ఆరెనిమిది అంగుళాల లోతు గుంత తీయించి, తడిపి, వంచిన ఎల్ బోల్టులు నిలబెట్టి, 1:2:4 కాంక్రీటు (సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు, కంకర నాలుగు) కూరించండి. పది రోజులు తడుపుతూ ఉంచి, ఆ తర్వాత రాడ్డు బిగించండి. గోడే కదులుతున్నట్టుంటే గోడ మాట వదిలి, నేల కాంక్రీటుకు నిలబెట్టే రాడ్డు వేయించండి.

పరీక్ష

పెద్దవాళ్లకు అప్పగించేముందు ఇంట్లో బరువైన మనిషి చూడాలి. ముందు చేయి వేసి బరువు మెల్లగా పెంచండి. తర్వాత రెండు చేతులా పట్టుకుని కిందికి వేలాడినట్టు లాగండి, బయటి వైపు కూడా లాగండి. గ్రాబ్ బార్ల ప్రమాణాలు కోరేది సుమారు 113 కిలోల బరువు, ఐదు 20 లీటర్ల నీళ్ల క్యాన్లకంటే కాస్త ఎక్కువ. లాగుతున్నప్పుడు ఫ్లాంజ్ అంచు దగ్గర కన్నుపెట్టి చూడమని ఇంకొకరికి చెప్పండి. అక్కడ వెంట్రుకవాసి సందు తెరుచుకున్నా, కిర్రుమన్నా విప్పి మళ్లీ చేయాల్సిందే.

ఉప్పు నీళ్లు, యాసిడ్

కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లకు టైల్ మీదా రాడ్డు మీదా తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి బాత్‌రూమ్ యాసిడ్ పోయడం మన ఇళ్లలో మామూలు. ఆ యాసిడ్ స్టెయిన్‌లెస్ స్టీలును కూడా తింటుంది. బ్లీచింగ్ పౌడర్ అంతే. పైకి చిన్న చుక్కలా కనపడే తుప్పు ఫ్లాంజ్ వెనక స్క్రూ మెడ దగ్గర లోతుగా ఉండవచ్చు. రాడ్డును నిమ్మరసమో వెనిగరో నీళ్లలో కలిపి తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడవండి. టైల్స్‌కు యాసిడ్ తప్పదనుకుంటే రాడ్డుకూ ఫ్లాంజ్‌కూ ప్లాస్టిక్ కవరు చుట్టి, పని అయ్యాక చుట్టుపక్కలంతా బాగా నీళ్లు కొట్టండి. నెలకొకసారి ఫ్లాంజ్ మూత జరిపి స్క్రూలు చూడండి, రాడ్డును ఊపి చూడండి.

నేల సంగతి ఒక్క మాట. పాలిష్ గ్రానైటు బాత్‌రూమ్ నేలకు వేయకండి, తడిస్తే అద్దంలా జారుతుంది. ఇప్పటికే ఉంటే దాని మీద గరుకు గీతలు కొట్టించండి, లేదా అడుగున రబ్బరు పట్టున్న మ్యాటు వేయండి. ప్లాస్టిక్ స్టూలు కాళ్లకు రబ్బరు బూట్లు తొడగండి.

కొత్త ఇల్లు కడుతుంటే ఈ తంటాలేవీ లేకుండా చేసుకోవచ్చు. బాత్‌రూమ్ గోడల్లో నేల నుంచి ఒకటిన్నర అడుగుల నుంచి నాలుగు అడుగుల ఎత్తు దాకా, కమోడ్ పక్కనా స్నానం చేసే చోటా, తేలిక బ్లాకులకు బదులు గట్టి ఇటుకో కాంక్రీటో వేయమని మేస్త్రీకి చెప్పండి. పైపులూ వైర్లూ వేశాక, టైల్స్ అంటించకముందు, టేపు పక్కన పెట్టి నాలుగు గోడలకూ ఫోటోలు తీసి దాచుకోండి. ఇప్పుడు రాడ్డు అవసరం లేకపోయినా పదేళ్ల తర్వాత ఆ ఫోటో చూసి కళ్లు మూసుకుని రంధ్రం చేయవచ్చు.

అద్దె ఇంట్లో ఇంటివాళ్లు గోడకు రంధ్రాలు వద్దంటే, కమోడ్ చుట్టూ నేల మీద నాలుగు కాళ్లతో నిలబడే ఫ్రేములు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. కాళ్ల పొడవు సర్దుకునేది, కమోడ్ బోల్టులకు కలిపి బిగించేది తీసుకోండి. ఊరికే నేల మీద ఆనించి ఉండేది ఒక వైపే బరువు వేస్తే పక్కకు ఒరుగుతుంది కాబట్టి రెండు చేతులా సమంగా నొక్కి లేవడం పెద్దవాళ్లకు ముందే అలవాటు చేయించండి.